రీడ్ కుటుంబపు పెద్దబండి

కూతురిని తొలిసారి కాపురానికి పంపే తండ్రి సారెబండి కట్టించినప్పుడు ఇంట ఒక చిన్న తగవు జరుగుతూ ఉండేది. పందిరిమంచం ఎక్కించాలని తల్లి, వద్దని తండ్రి. ఇత్తడి గంగాళం ఉండవలెనని అమ్మమ్మ, ఎడ్లు లాగలేవని పాలేరు. ఎక్కించదలచిన ప్రతి వస్తువూ అక్కరకు వచ్చేదే. కాని బండికి ఒక హద్దు ఉన్నది, ఎడ్ల మెడలకు ఒక హద్దు ఉన్నది. అయినా ఆ ఊరు ఒక పూట ప్రయాణం. మరచిపోయిన జాడీని మరునాడు మనిషిచేత పంపవచ్చును. ఆ ప్రయాణం ఒక పూటది కాక అయిదారు నెలలదై, తిరిగి వచ్చే ఆశ లేనిదై, కట్టిన బండియే అన్నాళ్ళూ ఇల్లు కావలసి వస్తే ఆ తగవు ఎలా ఉండేది? ఒక శతాబ్దిన్నరకు పైగా క్రిందట, 1840 నుండి 1860 వరకు, అమెరికాలో వేలాది గృహస్థులు ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకోవలసి వచ్చినది. వారిలో ఒక గృహస్థు తన ఇంటివారి సుఖం కోసం అందరికంటె పెద్దబండి చేయించినాడు. ఆ బండి కథయే ఈనాటి ప్రసంగ విషయం.

ఆ కాలంలో అమెరికా సంయుక్త రాష్ట్రాల జనావాసాలు మిస్సోరీ నదీ ప్రాంతంతో ఇంచుమించు ముగిసేవి. అటుపైన పచ్చికబయళ్ళు, ఆపైన కొండలు, ఎడారులు, మళ్ళీ కొండలు. చివరకు పసిఫిక్ సముద్రపు ఒడ్డున ఆరిగాన్, కాలిఫోర్నియా. నడుమ ఉన్నదంతా ఖాళీ నేల అని వలసపోయేవారు తలచినారు గాని, అది అనేక ఆదివాసి జాతులు తరతరాలుగా బ్రతుకుతున్న దేశం. కాలిఫోర్నియా అప్పటికి మెక్సికో ఏలుబడిలో ఉండేది. మిస్సోరీ నుండి పడమటి తీరానికి దారి సుమారు 2,000 మైళ్ళు. 1843లో దాదాపు వెయ్యిమంది ఒకే ఏడు ఆ దారి పట్టి ఆరిగాన్‌కు పోయినారు. వారిని చూచి తరువాతి ఏండ్లలో మరెందరో బయలుదేరినారు. వెళ్ళినవారు ఒంటరి సాహసికులు మాత్రమే కారు. పిల్లలు, చూలాండ్రు, ముసలివారు కూడ ఉన్న నిండు సంసారాలు.

వారి బండి ఎటువంటిదో మొదట తెలుసుకొందాము. చాలమంది తలచేటంత పెద్దది కాదు. తొట్టి పొడవు సుమారు 10 అడుగులు, వెడల్పు 4 అడుగులు. అంటే ఒక పెద్దమంచం కంటె కొంచెం ఎక్కువ. పైన వంచిన కొయ్యబద్దల మీద కిత్తాను గుడ్డ కప్పి, వాన దిగకుండా అవిసెనూనె పూసేవారు. దూరం నుండి చూస్తే పచ్చికబయలు సముద్రం మీద తెల్లని తెరచాపలవలె కనిపించేవి గనుక ఆ బండ్లకు ఓడపేరే వచ్చినది. మన గూడుబండికి అది దాయాది వంటిదే. ఇరుసు, ఆకులు, పూటీలు, ఇనుపకట్టు అన్నీ ఉన్నవి. భేదమల్లా మన బండికి రెండు చక్రాలు, దానికి నాలుగు. ముందు చక్రాలు తిరగడానికి వీలుగా చిన్నవి, వెనుకవి పెద్దవి. స్ప్రింగులు లేవు. గుర్రాలకంటె ఎడ్లనే ఎక్కువమంది కోరుకొన్నారు. అవి మెల్లగా నడిచినా దారిన దొరికిన గడ్డితో బ్రతుకుతవి, ఖరీదు తక్కువ, ఓర్పు ఎక్కువ.

ఈ బండిలో ఎంత బరువు వేయవచ్చును? ఎడ్లు చెడిపోకుండా ఉండవలెనంటే 2,000 నుండి 2,500 పౌనులని అనుభవజ్ఞుల మాట. ఇక ప్రయాణానికి ఎంత తిండి కావలెను? లాన్స్‌ఫర్డ్ హేస్టింగ్స్ అనే యువకుడు 1845లో వలసదారులకొక మార్గదర్శిని అచ్చువేసినాడు. ఈ పేరు గుర్తు పెట్టుకొనవలెను. ముందు మళ్ళీ వస్తుంది. మనిషికి 200 పౌనుల పిండి, 150 పౌనుల ఉప్పువేసిన పందిమాంసం, 10 పౌనుల కాఫీ, 20 పౌనుల పంచదార, 10 పౌనుల ఉప్పు ఉండవలెనని అతడు వ్రాసినాడు. కూడితే తలకు 390 పౌనులు. అయిదుగురున్న ఇంటికి 1,950 పౌనులు. అనగా తిండితోనే బండి నిండిపోయినది. ఇక బీరువాకు చోటేది? అమ్మమ్మ ఇచ్చిన గడియారానికి చోటేది? ఈ లెక్క కాగితం మీద చూచుకొనక బయలుదేరినవారికి దారియే ఆ లెక్క నేర్పినది. 1849లో లక్షణమైన పొయ్యిలు, పెట్టెలు, చివరకు మాంసపు గుట్టలు సైతం లారమీ కోట పరిసరాలలో పారవేయబడి ఉన్నవని బాటసారులు తమ దినచర్యలలో వ్రాసుకొన్నారు.

బండిలో చోటు లేకపోవడంచేత, స్ప్రింగులు లేని కుదుపు భరింపరానిది కావడంచేత, ఎడ్లకు బరువు తగ్గించవలసి రావడంచేత, మనుషులు నడిచినారు. ఇల్లాలు నడిచినది, పిల్లలు నడిచినారు. రోగులు, పసివారు, ముసలివారు మాత్రం బండెక్కినారు. రోజుకు 12 నుండి 15 మైళ్ళు సాగితే మంచి ప్రయాణమే. ఉదయం పాలు పోసి బండికి వేలాడగట్టిన బిందెలో సాయంత్రానికి వెన్న తేలేదట. కుదుపు ఎంతటిదో ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు. బండికీ పసిబిడ్డకు వలెనే పరిచర్య కావలసి ఉండేది. వెనుక ఇరుసుకు తారు, కొవ్వు కలిపిన కందెన బాల్చీ ఎల్లప్పుడూ వేలాడుతూ ఉండేది. ఎండ పొడికి చక్రాల కొయ్య కుంచించుకుపోయి ఇనుపకట్టు ఊడివచ్చేది. అప్పుడు రాత్రి మజిలీలో చక్రాన్ని ఏటినీటిలో నానవేసి, తెల్లవారి మేకులు దిగగొట్టి, మళ్ళీ బండి కట్టేవారు. ఏటికి వరద వస్తే తొట్టిని పడవ చేసేవారు.

ఇది సామాన్య కుటుంబపు బండి. ఇక మన కథలోని బండి.

ఇలినాయ్ రాష్ట్రంలో స్ప్రింగ్‌ఫీల్డు అనే ఊరు ఉన్నది. అబ్రహాం లింకన్ న్యాయవాదిగా కాపురమున్న ఊరు అదే. ఆ ఊరిలో జేమ్స్ రీడ్ అనే వ్యాపారి ఉండేవాడు. జన్మస్థలం ఐర్లండు. కష్టపడి పైకి వచ్చినవాడు, కలవాడు, కొంత అభిమానధనుడు. 1832 నాటి యుద్ధంలో లింకన్ ఉన్న దళంలోనే పనిచేసినవాడు. అతని భార్య మార్గరెట్‌కు తీవ్రమైన తలనొప్పి జబ్బు. నలుగురు పిల్లలు: పన్నెండు దాటి పదమూడవ ఏట పడబోతున్న వర్జీనియా, 8 ఏండ్ల పాటీ, తరువాత ఇద్దరు చిన్న మగపిల్లలు. వీరితోపాటు మార్గరెట్ తల్లి సారా కీస్ ఉన్నది. డెబ్బది ఏండ్ల వృద్ధురాలు, మంచం పట్టిన మనిషి. కూతురు అంత దూరం పోతుంటే ఆమె వెనుక ఉండడానికి ఒప్పుకొనలేదు. జబ్బుతో ఉన్న భార్య, లేవలేని అత్తగారు. వీరిని 2,000 మైళ్ళు ఎలా తీసుకొనిపోవడం? రీడ్ పెద్దబండి కట్టించినాడు.

ఆ బండి వర్ణన మనకు వర్జీనియా వ్రాసిన జ్ఞాపకాలలో దొరుకుతుంది. ఆమె చెప్పినదాని సారాంశం ఇది. ఎక్కడానికి వెనుకనుండి కాక ప్రక్కనుండి ద్వారం. లోపల చిన్న గది వంటి చోటు. కుడి ఎడమల మంచి స్ప్రింగుల ఆసనాలు. చలికి ఒక రేకుపొయ్యి, దాని పొగగొట్టం పైకప్పులోనుండి బయటికి. చక్రాల మీదుగా ఇరుప్రక్కలా పలకలు చాచి, వాటిపైన రెండవ అంతస్తు, అందులో పడకలు. అవ్వకు ఈకల పరుపు. ద్వారానికెదురుగా ఒక అద్దం. తన చక్కదనాన్ని మరచిపోకుండ ఉండుమని స్నేహితులు మార్గరెట్‌కు ఇచ్చిన కానుక అది. క్రొత్తదేశంలో పుస్తకాలు దొరకవని మంచి గ్రంథాలు కొన్ని. ఈ బండికి నాలుగు జతల ఎడ్లు. వెనుక తిండి సామాను మోసే బండ్లు మరి రెండు.

ఇక్కడ చరిత్ర చదివేవారు ఒక్క క్షణం ఆగవలెను. వర్జీనియా ఈ వర్ణన వ్రాసినది 1891లో; ప్రయాణం జరిగి 45 ఏండ్లు గడచిన తరువాత. ఆ బండికి ఆమె ఇచ్చిన పేరు “పయొనీర్ పాలస్ కార్”. ఈ పేరులోనే దాని వయస్సు దాగి ఉన్నది. “పాలస్ కార్” అనే మాట రైళ్ళకు సంబంధించినది. జార్జి పుల్మన్ తన ప్రఖ్యాతమైన శయనశకటాన్ని 1865 ప్రాంతంలో పట్టాలెక్కించినాడు; దాని పేరు “పయొనీర్”. అతని పాలస్ కార్ కంపెనీ 1867లో వెలసినది. 1846లో ఎడ్లబండి ఎక్కిన పిల్ల నోట ఈ పేరు పుట్టి ఉండదు. రైలు వైభవం చూచిన పెద్ద వయస్సులో ఆమె తన చిన్ననాటి బండిని ఆ వెలుగులో తలచుకొన్నది. బండి నిజంగా ఎంత పెద్దదన్న విషయంలో ఈ కారణంచేత ఇటీవలి చరిత్రకారులు కొందరు సందేహం వెలిబుచ్చినారు. రెండంతస్తుల భవనం కాకపోవచ్చును. కాని జబ్బు మనుషుల సౌఖ్యానికై ప్రత్యేకంగా అమర్చిన బండి అని అనుకొనడానికి అడ్డులేదు. చిన్ననాటి ఇల్లు మన జ్ఞాపకంలో ఎప్పుడూ పెద్దదిగానే ఉంటుంది గదా!

1846 ఏప్రిల్ నడుమ రీడ్ కుటుంబం, వారి స్నేహితులైన డానర్ సోదరుల కుటుంబాలతో కలిసి స్ప్రింగ్‌ఫీల్డు విడిచినది. బండి కట్టించిన మొదటి ప్రయోజనం ఎంతోకాలం నిలువలేదు. మే 29వ తేదీన, నేటి కాన్సస్ రాష్ట్రంలో బిగ్ బ్లూ నది ఒడ్డున, ఆల్కోవ్ స్ప్రింగ్ అనే ఊట దగ్గర అవ్వ కన్నుమూసినది. బండ్ల బిడారమంతా ఆగినది. చెట్టును కోసి పెట్టె చేసి, ఒక చెట్టు నీడన ఆమెను సమాధి చేసి, రాతి మీద పేరు చెక్కినారు. పడక ఖాళీ అయినది. బండి ముందుకు సాగినది.

జూన్ నెలాఖరున లారమీ కోట దగ్గర రీడ్‌కు ఒక పాత స్నేహితుడు కనిపించినాడు. పేరు జేమ్స్ క్లైమన్. కొండలు క్షుణ్ణంగా తెలిసినవాడు, 1832లో రీడ్‌తో ఒకే దళంలో ఉన్నవాడు. ఇంతకుముందు చెప్పిన హేస్టింగ్స్ కాలిఫోర్నియాకు ఒక అడ్డదారి ఉన్నదని ప్రచారం చేస్తున్నాడు. క్లైమన్ ఆ దారినే తూర్పుకు వచ్చినాడు, అదీ గుర్రాల మీద. బండ్లతో ఆ దారి పట్టవద్దని, పాతబాటనే పొమ్మని అతడు స్పష్టంగా చెప్పినాడు. దగ్గర దారి ఉండగా చుట్టుదారి ఎందుకని రీడ్ వాదము. జూలైలో బిడారం చీలినది. ఎక్కువమంది పాతబాట పట్టి క్షేమంగా చేరినారు. రీడ్, డానర్ కుటుంబాలు, వారిని నమ్మినవారు అడ్డదారికి మళ్ళినారు. చివరకు ఆ గుంపులో 87 మంది తేలినారు.

వాసాచ్ కొండలలో దారియే లేదు. చెట్లు నరికి, రాళ్ళు తొలగించి, బండిబాట తామే వేసుకొనవలసి వచ్చినది. 40 మైళ్ళు కూడ లేని ఆ భాగానికి రెండు వారాలకు పైగా పట్టినది. ఆగస్టు నెల ఆ కొండలలోనే హరించినది. తరువాత ఉప్పుటెడారి. హేస్టింగ్స్ చెప్పినదానికి రెట్టింపై, నీటి చుక్క లేని దూరం 80 మైళ్ళయినది. పైన తెల్లని ఉప్పుపెచ్చు, క్రింద బురద; చక్రాలు దిగబడినవి. రీడ్ నీటికోసం గుర్రంమీద ముందు పోగా, నీళ్ళకు తోలుకొనిపోతున్న అతని ఎడ్లు దప్పికకు వెర్రెత్తి రాత్రివేళ చెదరిపోయినవి. 18 ఎడ్లు పోయినవి. మిగిలినవి ఒక ఎద్దు, ఒక ఆవు. ఇల్లువంటి బండి ఉన్నది, లాగేవి లేవు. ఆ రాత్రి భార్యాభర్తలు పిల్లలను ఎత్తుకొని ఎడారిలో నడిచినారు. గాలి కోస్తూ ఉంటే పిల్లలను దుప్పట్లలో పడుకోబెట్టి, తమ అయిదు కుక్కలను చుట్టూ పడుకోబెట్టినారు. రేకుపొయ్యి ఇవ్వవలసిన వెచ్చదనం ఆ రాత్రి కుక్కలు ఇచ్చినవి.

ఆ పిమ్మట జరిగినది లెక్క సరిచూడడమే. మూడుబండ్ల సామానులో అత్యవసరమైనది తప్ప తక్కినదంతా ఎడారి అంచున పాతిపెట్టినారు. తిండిని తోటివారికి పంచి, బదులుగా ఎడ్లను అరువు తెచ్చుకొని, ఒక్క బండితో కదిలినారు. అక్టోబరు 5న హంబోల్టు నది ప్రక్కన ఇసుకదిబ్బ ఎక్కేటప్పుడు బండ్ల వద్ద తగవు పెరిగి, రీడ్ కత్తిపోటుకు ఒక బండివాడు మరణించినాడు. బిడారం రీడ్‌ను వెలివేసినది. అతడు ఒంటరిగా ముందుకు పోయినాడు. యజమాని లేని ఆ బండి కూడ త్వరలోనే వదలివేయబడినది. మార్గరెట్, నలుగురు పిల్లలు ఇతరుల దయమీద, కొంత నడిచి, కొంత స్వారీ చేసి సియెర్రా కొండల పాదానికి చేరినారు. అక్టోబరు చివర మంచు పడినది. కనుమ మూసుకొన్నది.

ఆ శీతకాలంలో డానర్ బిడారానికి కలిగిన దుర్దశ జగద్విదితం. 87 మందిలో 40 మంది వరకు చనిపోయినారు. బ్రతికినవారిలో కొందరు మృతుల మాంసం తిని ప్రాణాలు నిలుపుకొన్నారు. ఆకలిని ఎరుగని మనకు వారిని తీర్పు చెప్పే అధికారం లేదు. రీడ్ పిల్లలు ఉడికించిన పశుచర్మపు జిగురుతో బ్రతికినారు. క్రిస్మస్ నాటికని మార్గరెట్ గుప్పెడు చిక్కుడుగింజలు, కొన్ని ఎండిన ఆపిల్ ముక్కలు, చిన్న మాంసపు తునక ఎవరికీ చెప్పకుండ దాచి ఉంచినది. ఆ పండుగనాడు కుండ ఉడుకుతూ ఉంటే చుట్టూ కూర్చున్న పిల్లల ముఖాలను వర్జీనియా ముసలితనం వరకు మరువలేదు. తిండి కోసమే రెండు బండ్లు కట్టి బయలుదేరిన సంసారం అది. ఆ రెండు బండ్ల సామానులో చివరకు పిల్లల నోటికి అందినది తల్లి దాచిన ఆ పిడికెడు.

1847 ఫిబ్రవరిలో మొదటి సహాయ బృందం వచ్చినది. చిన్నవాడు టామస్, పాటీ నడువలేకపోగా వారిని వెనుకకు పంపవలసి వచ్చినది. తల్లి, తక్కిన ఇద్దరు పిల్లలు ముందుకు సాగినారు. మార్చి మొదట వెలివేయబడిన ఆ తండ్రియే రెండవ బృందాన్ని నడిపించుకొని మంచు దాటి వచ్చినాడు. పాటీని, టామస్‌ను తీసుకొని పోయినాడు. ఆ బిడారంలో ఒక్క ప్రాణమైనా కోల్పోని కుటుంబాలు రెండే. అందులో రీడ్ కుటుంబం ఒకటి. సామానంతా పాతిపెట్టిననాడు పాటీ ఒక చిన్న కొయ్యబొమ్మను, అవ్వ తలవెండ్రుకల పాయను తన దుస్తులలో ఎవరికీ తెలియకుండ దాచుకొన్నది. కొండ దిగిన తరువాతనే అది బయటపడినది. ఆ బొమ్మ అరచేతిలో ఇముడుతుంది. కాలిఫోర్నియావారు దానిని నేటికీ భద్రపరచి ఉంచినారు.

తరువాతివారిలో కొందరు దోషమంతా పెద్దబండి మీదికి నెట్టినారు. గొప్పకు పోయి బిడారాన్ని ఆలస్యం చేసినాడని రీడ్‌ను నిందించినారు. సాక్ష్యాలు చూస్తే ఈ తీర్పు నిలువదు. కొండలలో దారి లేకపోవడం అందరి బండ్లకూ ఒకటే. ఉప్పుబురద అందరి చక్రాలనూ పట్టినది. చేటు తెచ్చినది బండి వెడల్పు కాదు, విన్న హితవును త్రోసిపుచ్చిన తొందర. 1847 మే నెలలో వర్జీనియా తన బంధువుల పిల్లకు వ్రాసిన లేఖలో బండి వైభవం మాట లేదు. ఉన్న బుద్ధి ఒక్కటే: అడ్డదారులు పట్టవద్దు, త్వరగా నడవండి అని.

అయితే ఆ బండి రీడ్‌ను ఏమీ చేయలేదా? చేసినదనియే నా భావన. అత్తగారికి పరుపు, భార్యకు అద్దం, పిల్లలకు పొయ్యి సమకూర్చగలిగిన గృహస్థుకు ఎడారి కూడ తాను సమకూర్చుకొనగలిగిన విషయంగానే తోచి ఉంటుంది. ఇంటిని వెంట తెచ్చుకొన్నవాడు దారిని లెక్కచేయడు. రీడ్ బండి కట్టించడంలో ఉన్నది గొప్ప కాదు, ప్రేమయే. కాని ప్రేమ కూడ ఎడ్ల మెడలను, నీటి మడుగుల దూరాన్ని, ఋతువుల గడువును అడిగి తెలుసుకొనవలెను. బండి మోయగలిగినంత ఎక్కించుకొని, తెలిసినవారు చెప్పిన బాటన పోయినవారి పేర్లు చరిత్రలో ఎక్కలేదు. వారు ఇల్లు చేరినారు. రీడ్ బండిలోని అద్దం, పుస్తకాలు, పొయ్యి దారిలోనే మిగిలిపోయినవి. కొండ దిగి వచ్చినవి మాత్రం ఆరు ప్రాణాలు, ఒక చిన్నారి గుండెకు హత్తుకొని తెచ్చిన కొయ్యబొమ్మ.